గవ్వల వరస

నాలుగు గంటల బస్సుకి ఇంకా యాభై నిమిషాలుంది. చూడకూడదనుకుంటూనే ఎల్లాజీ చేతి గడియారం చూశాడు. చూసి, దాన్ని చొక్కా చేతి కిందికి లాక్కున్నాడు. కల్వర్టు పక్కన తాటిచెట్టు నీడలో, వలలో పడుకున్న వదిన గురమ్మ కళ్లు విప్పి అతని మణికట్టు వైపే చూస్తోంది మరి. ఆ కళ్లకి గంటలూ నిమిషాలూ తెలియవు, అతని మొహం తెలుసు. వల అన్నయ్య జోగయ్యది. చిరిగిపోయిందని పోయినేడు పాక మీద పడేసిన వల. దాన్నే నాలుగు మడతలు పెట్టి వెదురుబొంగుకి ఉయ్యాలలా కట్టి, అందులో నిండు చూలాలిని పడుకోబెట్టి, ఇసకలోంచి, ఉప్పుటేట్లోంచి, వరిగట్ల మీంచి నాలుగున్నర మైళ్లు మోసుకొచ్చారు. ముందు కొస తన భుజాన, వెనక కొస సోములు మావ భుజాన. ఎవరు తూలితే వాళ్ల చోట మేనత్త అసిరమ్మ. ఇవాళ తెల్లారాక మొదలైన నొప్పులు. పొద్దెక్కేసరికి మంత్రసాని చేతులు కడుక్కుంటూ, బిడ్డ అడ్డం తిరిగినాది, నా సేతిలో నేదు, బేగి టెక్కలి ఆస్పత్రికి ఒట్టుకెల్లండి, అంది. బేగి అన్న మాట ఎంత తేలిగ్గా అంది! ఏట్లో నీరు తియ్యడానికే గంటన్నర కాచుకున్నారు, ఆటు వచ్చేదాకా. ఊళ్లో మగవాళ్లంతా తెల్లారుజామునే వేటకి పోయారు. అన్నయ్యా పోయాడు, ఇంకా రెండు వారాలుందనుకుని. మిగిలింది చూపు మందగించి తెప్ప ఎక్కడం మానేసిన సోములు మావా, వదిన్ని చూసిపోదామని సెలవు పెట్టి నిన్న వచ్చిన తనూ.

భుజం మండుతోంది. బొంగు ఒరుసుకున్నచోట చొక్కా చిరిగింది, జేబులో పెన్ను కారి ఛాతీ మీద నీలంగా అరచేయంత మరక. తెల్ల చొక్కా. ఆఫీసుకి అతను తెల్ల చొక్కాలే వేస్తాడు, రెండే ఉన్నా రోజూ రాత్రి ఉతికి ఆరేసి మరీ. సబ్బుతో రెండుసార్లు. ఒకసారి మురికికి, ఒకసారి తనకి మాత్రమే తెలిసే వాసనకి. ఆ వాసన ఇప్పుడు వలలోంచి వస్తోంది, ఉప్పూ చేప పొలుసూ ఎండా కలిసిన వాసన, ఇన్నేళ్లలో సబ్బు దాన్ని పోగొట్టిందే లేదు, కప్పింది అంతే. ఇందాక రోడ్డెక్కగానే ఒక సైకిలు పోయింది. సైకిలు మీద ఎవరో ధోవతీ మనిషి, చేతి సంచీతో. అప్పుడు తనేం చేశాడు? మొహం వరిచేను వైపు తిప్పుకున్నాడు. ఎందుకు తిప్పుకున్నావురా అని ఎవరూ అడగలేదు. అడగకపోయినా అసిరమ్మత్త చూసింది. చూసి, తలగుడ్డ సర్దుకునే వంకన అతనికీ సైకిలుకీ మధ్య వచ్చి నిలబడింది. అడ్డంగా, నిబ్బరంగా, ఇది రోజూ చేసే పనే అన్నట్టు. ఆవిడ అలా నిలబడడం ఇది రెండోసారి. మొదటిసారి పదకొండు నెలల కిందట. దాని గురించి ఆలోచించకూడదు. బస్సు గురించి ఆలోచించాలి. కొండల వైపు గొడవలని, పోలీసులకని బస్సులు లాక్కుంటున్నారని ఆఫీసులో చెప్పుకుంటున్నారు. లాక్కున్నా నాలుగు గంటల బస్సు నడుస్తోంది, మొన్న కూడా నడిచింది, కాస్త ఆలస్యంగా.

"ఏటిరా అల్లుడా, వస్తాదంటావా రాదంటావా?" అన్నాడు సోములు మావ, మైలురాయి మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటూ. స్టాపంటే ఆ మైలురాయే.

"వస్తుంది మావా."

"ఆయ్, నువ్వు సెప్పినావంటే వచ్చీసినట్టే. సర్కారు మడిసివి. ఒలే గురమ్మా, బయపడకు, మన బీయే బాబు ఉన్నాడు." మావ చుట్ట పొగ వదిలి, కనపడని రోడ్డుని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. "ఈ రోడ్డు మన ఇసకలపాలెం దాకా వస్తాదనుకున్నాం గదరా. పోయిన ఆశీజం నెల్లో ఎవులో లెక్కకొచ్చినారంట, ఆయేళ మావందరం వేట మీదున్నాం. రోడ్డడిగితే ఇత్తారు, బస్సు కూడా తిప్పుతారు అని ఆడోల్లు సెప్పుకున్నారు. ఆ తరవాత రోడ్డూ నేదు, రోలూ నేదు. చినగుడ్డివలసోడికి పడింది. ఆడికేటి బాబూ, ఆడికి ముందే బండిదారుంది. నువ్వా ఆపీసులోనే ఉన్నావు గదా, మన కాయితం ఎక్కడ సచ్చిందో కొద్దిగా కనుక్కోకూడదేటి?"

అసిరమ్మత్త చీర కొంగుని రోడ్డు పక్క గుంటలో నీళ్లతో తడిపి కోడలి నుదురు తుడుస్తోంది. తుడుస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది, మళ్లీ కదిలింది. అంతే. అంటే మావకి తెలియదు. తెలియదని ఎల్లాజీకి ఇప్పుడే తెలిసింది. పదకొండు నెలలు. ఆ వేళ వరసలో నిలబడ్డ ఆడవాళ్లు ఎంతమంది! ఒకళ్లా, ఇద్దరా? ఒక్కరు కూడా ఇంటికెళ్లి మొగుడితో చెప్పలేదన్నమాట. పొయ్యి దగ్గర నోరు జారలేదు, చేపలబుట్ట కిందకి దించుకుంటూ నోరు జారలేదు, నీళ్ల దగ్గర తగవులాడుకుని ఒకరి వంశాన్నొకరు కడిగేసుకున్నప్పుడు కూడా జారలేదు. ఊరు ఊరంతా ఒక్క నోరు కట్టేసుకుంది, తన కోసం. వాళ్లు తిట్టి ఉంటే బాగుండేది. నిన్న దీపాల వేళ ఊళ్లోకి అడుగు పెట్టినప్పుడు ఎవరో ముసలావిడ, బాగున్నావేటి నాయనా, సిక్కిపోనావు, అని గడ్డం పుణికింది. ఆవిడా ఉంది ఆ వరసలో.

ఆ వరస. జీపు ఉప్పుటేరు దగ్గరే ఆగిపోయింది. ఎక్స్‌టెన్షన్ ఆఫీసరు నరసింగరావుగారు బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఏరు దాటారు, దాటి మళ్లీ బూట్లు తొడుక్కున్నారు. మంచివారు, ఆ మాట చెప్పుకోవాలి. ఎండనపడి వచ్చారు, రాకుండా ఆఫీసులో కూర్చుని కూడా రాయొచ్చు. ఇది శివారు పేట కాబట్టి జనాభా లెక్కల పుస్తకంలో దీనికి విడిగా అంకె లేదయ్యా రావ్, మనమే తల తలా లెక్కపెట్టాలి, ఐదొందలు దాటితే లింకు రోడ్డుకి రాసిపారేద్దాం, అన్నారు దార్లో. రావ్. ఎల్లాజీని ఆఫీసులో ఎవరూ ఎల్లాజీ అనరు. ఉద్యోగంలో చేరిన రోజున పేరు చివర రావు తగిలించుకుని, సొంతూరెక్కడండీ అంటే కోటబొమ్మాళి దగ్గరండీ అన్నాడు. దగ్గర అన్నది అబద్ధం కాదు. విజయనగరం కాలేజీలో, మీ నాన్నగారేం చేస్తారు అంటే, లేరండీ, ఉన్నప్పుడు ఎగుమతి వ్యాపారం, అన్నాడు. అదీ ఒకరకంగా అబద్ధం కాదు. నాన్న బతుకంతా సముద్రంలోంచి తెచ్చి ఊరికి ఎగుమతి చేసినవాడే. చివరికి తననే సముద్రానికి ఎగుమతి చేసుకున్నాడు, ఎల్లాజీకి ఎనిమిదో ఏట. ఇలాంటి అబద్ధం కాని మాటలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే ఎంత పెద్ద గోడ లేచిందో. ఆ గోడ ఇవతల నిలబడి ఆ రోజు తన ఊళ్లోకి తనే గుమస్తాగా నడిచాడు, చంకలో రిజిస్టరు పెట్టుకుని, ఎవరైనా ఎల్లాజీ అని పిలుస్తారేమోనని తల దించుకుని.

ఎవరూ పిలవలేదు. మొదట చూసింది అసిరమ్మత్తే. నాన్న చెల్లెలు, అమ్మ పోయాక తనని పెంచింది, నెత్తిన చేపలబుట్ట పెట్టుకుని నౌపడా దాకా నడిచి అమ్మి టెక్కలి హాస్టలు ఖర్చు కట్టింది. గుమ్మంలో గంపకి పేడ అలుకుతున్నదల్లా లేచింది. నోరు తెరిచింది. అతని మొహంలో ఏం చూసిందో, తెరిచిన నోటితోనే, దండాలు బాబుగారూ, అంది. ఇద్దరికీ కలిపి. బాబుగారూ! ఆ మాట అన్నాక వీధంతా అదే మాట పట్టుకుంది. దండాలు బాబుగారూ, మంచినీళ్లు తాగుతారా బాబుగారూ. కొబ్బరిచెట్టు కింద ఎవరో మంచం వేశారు. నరసింగరావుగారు కూర్చున్నారు, ఎల్లాజీ నిలబడి రాశాడు. ఇంట్లో ఎంతమంది? నానూ, మా యత్తా, ముగ్గురు గుంటలూ. మొగుడో? ఆడమనిషి మొహం తిప్పుకుంది. తరవాత మనిషి. ఇంట్లో ఎంతమంది? నానొక్కర్తినే బాబుగారూ, అంది గురమ్మ వదిన, కళ్లు దించుకుని, మెళ్లో పసుపుతాడు కనిపిస్తూనే ఉంది. మొగుడు లేడా? జవాబు లేదు. నరసింగరావుగారు నవ్వారు. "ఏమయ్యా రావ్, ఒక్క మగాడూ కనపడడు, ఇదేమన్నా ఆడ మళయాళమా? వీళ్లు మాట్లాడరేం?"

వాళ్లెందుకు మాట్లాడరో ఆ చెట్టు కింద ఉన్నవాళ్లలో ఆయన ఒక్కరికే తెలియదు. వేట మీదున్నవాణ్ణి లెక్కపెట్టకూడదు. పేరెత్తి, ఇంతమంది అని నోటితో అనకూడదు. అంటే గంగమ్మ తల్లి వింటుంది, విని, అంతమందెందుకులే అని ఒకణ్ణి తగ్గించుకుంటుంది. ఎల్లాజీ పాలతోపాటు తాగిన సంగతి ఇది. దానికి బదులు వాళ్లకి గవ్వలున్నాయి. తెల్లారుజామున మగాడు తెప్ప ఎక్కగానే ఇంటి ఆడది గంగమ్మ గద్దె ముందు ఇసకలో ఒక గవ్వ పెడుతుంది, బోర్లా, వీపు పైకి. తిరిగొచ్చినవాడు కాళ్లు కడుక్కోకముందే వెళ్లి తన గవ్వ తను తీసుకుంటాడు. ఎవరి గవ్వ ఎవరిదో ఎవరూ చెప్పనక్కర్లేదు. తియ్యని గవ్వని ఏడాది చూస్తారు, ఏడాది దాటితే ఆడపడుచు తీసుకెళ్లి సముద్రంలో వదిలేస్తుంది. నాన్న గవ్వని అసిరమ్మత్త మోకాల్లోతు నీళ్లలో నిలబడి వదిలినప్పుడు పక్కన తన చెయ్యి ఆవిడ చీర కుచ్చిళ్లని పట్టుకుని ఉంది. అల వచ్చి గవ్వని వెనక్కి తెచ్చింది, రెండోసారి వదిలింది.

ఆ వేళ గద్దె ముందు గవ్వలు వరసగా ఉన్నాయి, మూడు వరసలు. నరసింగరావుగారు లేచి ఒళ్లు విరుచుకుని అటు నడిచారు. "ఇవేమిటయ్యా, ముగ్గు పెట్టినట్టు?" అని బూటు కొసతో ఒకదాన్ని తాకారు. చివరి వరసలో చివరిది. అది దొర్లి వెల్లకిలా పడింది. ఆడవాళ్లందరి ఊపిరీ ఒక్కసారిగా లోపలికి పోవడం ఎల్లాజీ విన్నాడు. వింటూనే, అప్పటికే లెక్కపెట్టేశాడు. లెక్కపెట్టకూడదని పుట్టుకతో తెలిసినవాడు, గుమస్తా కళ్లతో రెండుసార్లు లెక్కపెట్టాడు. తొంభైరెండు. రిజిస్టర్లో అప్పటికి నాలుగువందల ముప్ఫైఎనిమిది. ఒక్క మాట చాలు. సార్, మగవాళ్లు వేటకెళ్లారు, ఇవి వాళ్ల గుర్తులు, మా ఊరి ఆచారం. ఆయన అడ్డు చెప్పేవారు కాదు. విచిత్రంగా ఉందే అని నవ్వి, రాసుకో రాసుకో అనేవారు. ఐదువందల ముప్ఫై. కాని ఆ మాట చెప్పాలంటే మా ఊరి అనాలి. మా అనే ఆ ఒక్క అక్షరం గొంతులో చేపముల్లులా నిలబడిపోయింది.

"పిల్లలు ఆడుకునే గవ్వలు సార్," అన్నాడు.

అన్నది తనే. తన నోరే. అత్త ఆ వరస పక్కనే నిలబడి ఉంది, ఆయన బూటుకీ గవ్వలకీ మధ్య, అడ్డంగా, నిబ్బరంగా. చదువుకున్నవాళ్లు ఎందరు అన్న గడి దగ్గర ఆయనే అడిగారు. "ఏం ముసలమ్మా, మీ పేటలో పట్టభద్రుడెవడైనా ఉన్నాడా? అంటే పెద్ద చదువు చదివినవాడు?" అత్త అతని వైపు చూడలేదు. "ఒకడున్నాడు బాబుగారూ. వేటకెల్లినాడు," అంది. ఆయన పగలబడి నవ్వారు. పెద్ద చదువు చదివి చేపల వేటకా, బావుంది బావుంది. ఎల్లాజీ ఆ గడిలో సున్నా చుట్టాడు. గుండ్రంగా, అందంగా, చేతిరాత బాగుంటుందని ఆఫీసులో అందరూ మెచ్చుకునే చేత్తో. ఎంత తెలివిగా కప్పింది అత్త, అనుకున్నాడు ఆ వేళ ఏరు దాటుతూ. ఆ మాటకి కృతజ్ఞత లాంటిది కూడా కలిగింది. ఛీ.

"అమ్మా..." అంది గురమ్మ. అని, పళ్లు బిగించి, వల తాళ్లని రెండు గుప్పిళ్లా పట్టుకుని వంగిపోయింది. అత్త ఆవిడ నడుము కింద చెయ్యి పెట్టింది. ఎల్లాజీ లేచి రోడ్డు మధ్యకి వెళ్లాడు. బస్సు లేదు. దూరాన తారు మీద ఎండ నీళ్లలా కదులుతోంది. పది నిమిషాలు తక్కువ నాలుగు. తారు రోడ్డు ఇంత నున్నగా ఉంటుందా, ఈ నున్నటి తారు ఆ ఇసకలోకి, ఆ ఏటి మీదుగా ఒక వంతెనతో, కిందటి వేసవికే వచ్చి ఉంటే, మంత్రసాని చేతులు కడుక్కున్న వేళకే వదిన ఆస్పత్రి మంచం మీద ఉండేది. జీపు వచ్చేది. లారీ వచ్చేది. అర్హత లేదు, జనాభా నాలుగువందల ముప్ఫైఎనిమిది, అన్న ఉత్తరం టైపు చేసిందీ తనే. మూడు నకళ్లు. అర్హత అన్న మాటలో ర్హ సరిగ్గా పడలేదని మళ్లీ కొట్టాడు. అప్పుడైనా చెప్పొచ్చు. చెబుదామని ఒక అర్జీ మొదలుపెట్టాడు కూడా, అయ్యా, నా స్వగ్రామమైన, అని రాసి ఆగాడు. చింపాడు. మళ్లీ రాశాడు, అయ్యా, నా స్వగ్రామమైన. మూడుసార్లు. ఆ నాలుగో మాట దగ్గర పెన్ను ఆగిపోయేది, ఇప్పుడు కారినట్టు అప్పుడు కారలేదు.

నొప్పి వెళ్లిపోయింది, ఎక్కడికో దగ్గరికే, మళ్లీ రావడానికి. గురమ్మ చెమటలో తడిసిన మొహంతో అతన్ని చూసి నవ్వబోయింది. "మరిది బాబుగారూ," అంది. ఆ వేళ అన్న బాబుగారే అది. గొంతులో కోపం లేదు, సరసమే ఉంది, అందుకే మరీ దిగింది. "ఆయేళ నానొక్కర్తినే అని సెప్పినాను గదా. ఇప్పుడు ఇద్దరం. రాసుకుంటారేటి?"

"నోర్ముయ్యే," అంది అత్త. "కడుపులోదాన్ని లెక్కెడతావేటే, సిగ్గునేదు?"

"నాకెందుకే అత్తా సిగ్గు," అంది గురమ్మ. తరవాత కళ్లు మూసుకుంది.

సోములు మావకి ఆ మాట అర్థం కాలేదు. "ఏటి రాయడం? ఏటి ఆయేళ?" అన్నాడు. జవాబు చెప్పాల్సినవాడు రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. నాలుగు దాటింది. ఐదు నిమిషాలు. పన్నెండు. అన్నయ్య ఈపాటికి ఒడ్డు చేరుంటాడా? చేరితే తెప్ప లాగి, గద్దె దగ్గరికి వెళ్లి గవ్వ తీసుకుంటాడు, ఇంటికొచ్చి చూస్తే పెళ్లాం ఉండదు. ఏరు దాటి పరిగెత్తుకొస్తాడు, అప్పటికి పోటు వస్తే ఈదుతాడు. వదినకేమన్నా అయితే అన్నయ్య మొహం ఎలా చూడడం? అన్నయ్య ఏమీ అనడు, అదే కదా. నా తమ్ముడు మోసుకెళ్లాడు, భుజం కాయకాచేలా మోశాడు, అని ఊరందరికీ చెబుతాడు. చెప్పుకుంటూ ఏడుస్తాడు. పదిహేడు నిమిషాలు. అప్పుడు వినపడింది. కనిపించే ముందు వినపడింది, రేకు డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టు.

ఎల్లాజీ రెండు చేతులూ చాపి రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాడు. బస్సు రెండు బారల దూరంలో ఆగింది. కండక్టరు తలుపు దగ్గరనుంచి, ఎవడ్రా అది, చావడానికా, అని అరుస్తూ దిగి, అతన్ని చూసి గొంతు మార్చాడు. "రావుగారా? మీరేంటండీ ఇక్కడ? ఈ అవతారమేంటి?" సోమవారం సోమవారం ఎల్లాజీ ఆఫీసు కాయితాలతో ఈ బస్సులోనే టెక్కలి వెళతాడు. ముందు సీటు ఆపి ఉంచుతాడు ఈ కండక్టరు. కండక్టరు చూపు చొక్కా మీది నీలం మరక మీదా, వల మీదా, వలలో మనిషి మీదా తిరిగి ముక్కు దగ్గర ఆగింది. "పురిటి కేసండీ బాబూ, బస్సులోనే అయిపోతే నా ప్రాణం మీదికొస్తుంది. అయినా ఈ జాలరోళ్లతో మీకేంటండీ?"

"బాబుగారు దారినపోతా మా అవస్త సూసి సెయ్యేసినారండీ," అంది అసిరమ్మత్త వెంటనే. రెండు చేతులూ జోడించింది, కండక్టరుకి కాదు, ఎల్లాజీకి. "మీ మేలు మరిసిపోం బాబుగారూ. ఇక మీరెల్లండి. మిగిలింది మావు సూసుకుంటాం."

మూడోసారి. ఆవిడ నిలబడే తీరు అదే. సోములు మావ మసకకళ్లు అటూ ఇటూ తిరిగాయి, ఏటే అసిరీ నీకు మతిపోనాదా అన్నట్టు. బస్సులోంచి ఎన్ని తలలు బయటికొచ్చాయో. పరిచయమున్న తలలు రెండు. ఎల్లాజీ నోరు తెరిచాడు. ముల్లు అక్కడే ఉంది, పదకొండు నెలలుగా అక్కడే ఉంది, కక్కితే గొంతు చీరుకుంటుంది, మింగితే ఇంకోలా. వల లోపల వదిన చెయ్యి గాలిలో దేనికోసమో తడుముకుంటోంది.

"మా వదినండీ," అన్నాడు. "ఈవిడ మా మేనత్త. మాది ఇసకలపాలెం. ఎక్కించుకోకపోతే నేను రోడ్డు మీంచి కదలను."

అనేశాక ఏమీ జరగలేదు. ఆకాశం విరగలేదు. కండక్టరు ఒక్క క్షణం అతని మొహం చూసి, ఎత్తండి ఎత్తండి, వెనక సీటు ఖాళీ చెయ్యండర్రా, అన్నాడు. రావుగారూ అనలేదు. వలతోసహా ఎత్తారు, లోపలనుంచి ఇద్దరు ఆడవాళ్లు చేతులు అందించారు. సోములు మావ ఎక్కలేదు. జోగిగాడు ఒడ్డుకొస్తే సెప్పాల గదరా, నానెల్తాను, అని బొంగు భుజాన వేసుకున్నాడు. బస్సు కదులుతుంటే ఎల్లాజీ కిటికీలోంచి వంగి అన్నాడు, "మావా, ఆ వేళ లెక్క రాసింది నేనే. నేనే తప్పు రాశాను." మావ చేతిని చెవి దగ్గర పెట్టుకుని, ఏటీ, అన్నాడు. బస్సు రొదలో ఏమీ చేరలేదు. చేరదని తెలిసే ఆ క్షణాన్ని ఎంచుకున్నాడేమో తను. మళ్లీ చెప్పాలి. నడిచి వెళ్లి, ఎదురుగా కూర్చుని, చుట్ట కాల్చుకునేంతసేపు ఆగి చెప్పాలి. అన్నయ్యకి చెప్పాలి. నరసింగరావుగారికి చెప్పాలి. ఒక్కసారి చెప్పేస్తే అయిపోతుందనుకున్నాడు, ఇది ఒక్కసారితో అయ్యే పని కాదు.

వెనక సీటు మీద వదిన తల అత్త ఒళ్లో ఉంది. ఎల్లాజీ కింద కూర్చున్నాడు, రేకు మీద, వాళ్ల కాళ్ల దగ్గర. గతుకు గతుక్కీ గురమ్మ గుప్పిట అతని చొక్కా కాలరుని పట్టుకుని వదులుతోంది. తెల్ల చొక్కాకి ఇప్పుడిక ఏం మిగిలింది కనక.

"అత్తా," అన్నాడు, ఆవిడ మొహం చూడకుండా. "ఆ వేళ నేను గవ్వలు లెక్కెట్టేను."

అసిరమ్మత్త చెయ్యి కోడలి నుదుటి మీద ఆగిపోయింది. ఇన్నాళ్లలో మొదటిసారి ఆవిడ మొహంలో కోపం వచ్చింది. రోడ్డు పోయినందుకు రానిది, బాబుగారూ అనిపించినందుకు రానిది. "లెక్కెట్టినావా? మడిసివేనా నువ్వు? తొంబై పేనాలు నీటి మీదుంటే..." అని ఆగి, తన నోట అంకె జారినందుకు చెంపలు వాయించుకుంది. టెక్కలి రెండు మైళ్లు అన్న రాయి వెనక్కి పోయింది. తరవాత మెల్లగా అంది. "ఆ బాబు బూటు తగిలి ఒకటి తిరగబడినాది, గురుతుందా?"

"ఉంది."

"అది నీదేరా."

అతనికి మొదట అర్థం కాలేదు.

"నువ్వు ఇజీనారం సదువుకెల్లిన్నాడు ఎట్టినాను. సదువుకెల్లినోడికి గవ్వేటే పిచ్చిదానా అని మీ వదినతో సహా అందరూ నవ్వినారు. ఎల్లినోడు ఎల్లినోడే గదా, ఏ నీరైతే ఏటి. వొచ్చి తీసుకుంటావని సూసినాను. వొస్తావు, కూకుంటావు, సద్దన్నం తింటావు, ఎల్లిపోతావు. ఆ గద్దె వైపు ఒకనాడూ ఎల్లవు. ఆయేళ నువ్వటు రాడం, ఎల్లాక అదే మొదలు."

"ఏడాది దాటితే నీళ్లలో వదిలేస్తారు కదత్తా," అన్నాడు.

"ఏడేళ్లయినాది." ఆవిడ కొంగుతో కోడలి పెదవులు తడి చేసింది. "వదల్నేదు. తిరగబడ్డదాన్ని మళ్లీ బోర్లా ఎట్టినాను. అక్కడే ఉన్నాది."

తొంభైరెండు. ఒకటి తీసెయ్యాలి, తొంభైఒకటి. కాదు, తియ్యకూడదు, ఆ ఒకటీ ఊరిదే. ఆ ఒకటినే కదా పిల్లలు ఆడుకునే గవ్వ అన్నాడు. అతని మనసు అంకెల దగ్గర ఇంకా గుమస్తాలా తడబడుతుండగానే గురమ్మ వదిన కాలరు పట్టుకుని ఈసారి వదల్లేదు. కేక బస్సంతా నిండింది. అత్త, ఓర్సుకోవే నా తల్లి, వొచ్చీసినాం, అంటోంది. ఎల్లాజీ లేచి, జనం మధ్యనుంచి, అందరూ చూస్తుండగా, ఒళ్లంతా వల వాసనతో, డ్రైవరు దాకా వెళ్లాడు.

"బేగి పోనీ బాబూ," అన్నాడు. "మావోల్లు. బేగి పోనీ."